మంద్రమునకు పెట్టె ఎందుకు?

కొత్తగూడ ఒకనాడు శేరిలింగంపల్లి ప్రాంతములోని చిన్న పల్లె. 1998లో సమీపమున హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిదప, బండరాళ్ళున్న చోట బహుళ అంతస్తుల మేడలు మొలచినవి. 2023లో కూడలిమీద పెద్ద వంతెనయు వచ్చినది. ఆ మేడల నడవలలో సాయంసమయమున ఒక్క నిమిషము నిలిచి ఆలకించువారికి ఒక వింత తోచును. తలుపు మూసిన ఇంటిలో పాట సాగుచుండును గాని, అది ఏ పాటయో, పాడుచున్నది స్త్రీయో పురుషుడో తెలియరాదు. ధుమ్ము ధుమ్మను మ్రోత మాత్రము గోడ దాటి వచ్చి పాదముల క్రింది నేలను తాకును. పాట ఇంటివారికి, మ్రోత పొరుగువారికి! మరునాటి పరీక్షకు చదువుకొను పొరుగింటి విద్యార్థి దానికి పాలుపంచుకొనక తప్పదు.

ఈ మ్రోతనే 'బేస్' అని అమ్మువారును కొనువారును మెచ్చుకొనుచున్నారు. స్పీకరును పరీక్షించు పద్ధతియు ఇదే అయినది: సినిమా పాటను పెద్దగా పెట్టుట, గుండె అదరినచో బాగున్నదనుట. సంగీతములో మంద్రమునకు గల అర్థము ఇది కాదు. మంద్రస్థాయిలోని ప్రతి నాదమునకును ఒక పుట్టుక, ఒక నడక, ఒక ముగింపు ఉండును. మృదంగపు ఎడమ మూతియైన తొప్పిని అరచేతి మడమతో నొక్కుచు వాయించినపుడు నాదము ఒక చోటినుండి మరియొక చోటికి జారును. దీనిని గుంకి యందురు. నాసిరకపు బేస్ పెట్టెలో ఈ జారుట వినబడదు. మృదంగము ఏ నాదముతో పలుకరించినను, పెట్టె తనకు వచ్చిన ఒకే నాదముతో బదులు చెప్పును.

లోపము ఎచ్చటనున్నదో గ్రహించుటకు స్పీకరు పనిచేయు తీరు కొంత తెలియవలెను. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు లోకమునకు తెలిపిన పద్ధతియే నేటికిని ప్రధానముగా నడచుచున్నది. అయస్కాంతపు సందులో తీగచుట్ట కదలును. దానికి అంటియున్న కాగితపు శంకువు గాలిని త్రోయును. శంకువు ముందునకు కదలినపుడు ముందటి గాలి ఒత్తుకొనును, వెనుకటి గాలి పలుచనగును. అనగా ముందు వెనుకలకు బయలుదేరు తరంగములు పరస్పర విరుద్ధములు. మంద్రనాదపు తరంగము చాల పొడవైనది. సెకనుకు 40 కంపనములు గల నాదమునకు అది సుమారు 8.6 మీటర్లు. అంతటి తరంగము శంకువు అంచును సులువుగా చుట్టుకొని వచ్చి రెండవదానితో కలియును. కలిసి రెండును చెల్లిపోవును. చిన్న విసనకర్రతో విసరినపుడు గాలి అంచులమీదుగా జారిపోవుట వంటిదే ఇదియు.

దీనికి రెండు ఉపాయములు కలవు. శంకువు చుట్టును వెడల్పైన పలకను బిగించి, వెనుకటి తరంగము చుట్టివచ్చు త్రోవను పొడిగించుట ఒకటి. వెనుకటి నాదమును పెట్టెలో బంధించుట వేరొకటి. మొదటిదానినే ఓపెన్ బాఫిల్ అందురు. వెనుక తెరచిన పలక అనవచ్చును. లోకము పెట్టె దారినే పట్టినది. పెట్టెకు రంధ్రము పెట్టి వెనుకటి నాదమును గూడ వాడుకొను పద్ధతికి బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ 1932లో పేటెంటు పొందెను. 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొరని చిన్న పెట్టెలో బంధించిన గాలినే స్ప్రింగువలె వాడుకొను స్పీకరును తెచ్చెను. చిన్న పెట్టె పెద్ద మంద్రమును పలికినది, అలమారలో ఇమిడినది. ఇక వ్యాపారమునకు కొదువ ఏమి?

అంతకు పూర్వము తెలుగు ఇండ్లలో మ్రోగిన వాల్వు రేడియోలు చాలవరకు వెనుక తెరచినవే యన్న సంగతి నేడు ఎందరికి తెలియును? 1948లో విజయవాడ కేంద్రము వెలసినపుడును, 1950లో హైదరాబాదు కేంద్రము ఆలిండియా రేడియోలో చేరినపుడును జనులు విన్నది అట్టి రేడియోలలోనే. వాల్వుల వేడి పోవుటకై వెనుక చిల్లుల అట్టను మాత్రము బిగించెడివారు. సిద్ధాంతమెరిగి చేసినది కాదు, వేడికి వెరచి చేసినది. ఆ రేడియోలో భక్తిరంజని విన్న పెద్దలు ఆ గొంతు నిండుగా, సహజముగా ఉండెడిదని నేటికిని చెప్పుదురు. ఇందులో జ్ఞాపకపు తీపి కొంత కలిసియుండవచ్చును. మిక్కిలి లోతైన మంద్రమును ఆ రేడియోలు పలుకజాలకుండెడివి. కాని అవి పలికినంతవరకు మనిషి గొంతు మనిషి గొంతుగానే ఉండెడిదనుట అబద్ధము కాదు.

తెలంగాణపు డప్పును చూచినచో విషయము మరింత తేటపడును. గుండ్రని చట్రము, దానికి ఒకవైపున బిగించిన తోలు. వెనుక అంతయు ఖాళీ. దెబ్బ పడినంతనే నాదము లేచును, వెంటనే అణగును, మరుదెబ్బకు చోటిచ్చును. వెనుక తెరచిన పలక గుణమును తెలియగోరువారికి ఇంతకంటె సులభమైన ఉదాహరణము లేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. మృదంగము రెండువైపుల మూసినది కదా, వీణకు పనసకఱ్ఱ కుండ ఉన్నది కదా, స్పీకరుకు పెట్టె ఉన్న తప్పేమి? తప్పు ఇదియే: వాద్యమునకు పెట్టె దాని సొంత గొంతు. ఆ గొంతు ధ్వనిముద్రణలో ఇదివరకే చేరియున్నది. దానిని తిరిగి వినిపించు యంత్రము తన పెట్టె గొంతును గూడ చేర్చినచో, ఒకరి మాటను మరియొకరికి అందించువాడు నడుమ తన మాట కలిపినట్లగును. సీసా మూతిపై ఊదిన పిల్లవానికి తెలియును, సీసాకు ఒక్క స్వరమే ప్రియమని. రంధ్రము గల పెట్టెయు అట్టిదే. శ్రుతి సరిగా కుదరనిచో, దెబ్బ ఆగిన పిదపగూడ ఆ స్వరముననే మూలుగుచుండును. శ్రద్ధతో కట్టిన మూతపెట్టెలో ఈ దోషము మిక్కిలి తక్కువ. అట్టివానిని నిందించుట న్యాయము కాదు. తగవు అంతయు మ్రోతనే గుణముగా అమ్ముచున్న పెట్టెలతోనే.

పెట్టెకు తోడు గది ఒకటి. పదునాలుగు అడుగుల పొడవుగల హాలు సెకనుకు సుమారు 40 కంపనముల నాదమునకు తానే ఒక పెట్టెయగును. నాదము ఎదురెదురు గోడల నడుమ తిరుగాడుచు ఉబ్బును. మట్టిగోడ, పెంకుటిల్లు కొంత నాదమును పోనిచ్చెడివి. కాంక్రీటు గోడ దానిని తిరిగి గదిలోనికే త్రోయును. పెట్టెనుండి వచ్చు మంద్రము అన్ని దిక్కులకును వ్యాపించును. వెనుక తెరచిన పలక నాదమో, ముందు వెనుకలకే పోవును; ప్రక్కలకు, పైకి, క్రిందికి మిక్కిలి తక్కువ. అందుచేత ఆ దిక్కుల గోడలును, నేలయు, పైకప్పును అంతగా మేల్కొనవు. ఎదుట కూర్చున్నవారికి సమానముగా వినిపించుటకు అది గదిలో వెదజల్లు శక్తి, అన్ని దిక్కుల పలుకు పెట్టె వెదజల్లుదానిలో మూడవవంతు మాత్రమే. అపార్టుమెంటులో కాపురముండువారు ఈ మూడవవంతు లెక్కను ఒకమారు తలచుకొనవలెను. క్రింది అంతస్తువారు తప్పక తలచుకొందురు.

ఈ మార్గమును శాస్త్రరీతిని చక్కదిద్దినవారిలో ముఖ్యుడు జర్మనీలో జన్మించి అమెరికాలో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ (1935–2018). ఓరియన్, ఎల్‌ఎక్స్ 521 అను ఆయన స్పీకర్లు తెరచిన పలకపైనే నిర్మితములు. సులభమని మాత్రము అనరాదు. నాదము క్రిందికి దిగుకొలదియు చెల్లిపోవు భాగము పెరుగును గనుక, ఆ లోటును పూరించుటకు పెద్ద శంకువులును, విద్యుత్తు సహాయమును కావలెను. గోడకు ఆనించి పెట్టరాదు. వెనుక ఒక మీటరైన ఖాళీ ఉండవలెను. కొత్తగూడ ధరలలో హాలు నడుమ ఒక మీటరు నేలను గాలికి వదలుట ఎట్టి త్యాగమో కొన్నవారే ఎరుగుదురు! సినిమాలోని విస్ఫోటనమునకు ఇల్లు కదలవలెనని కోరువారికి ఇది తగదు. వారికి పెట్టెయే శరణ్యము.

మృదంగము నేర్చుకొనుచున్న పిల్లవాడు ఇంటిలో ఉన్నచో మాత్రము ఆలోచింపవలెను. గురువుగారి ఎదుట వారమునకు ఒక గంట వినును. ఇంటిలో స్పీకరు ఎదుట దినదినమును వినును. ఆ స్పీకరు గుంకిని మ్రింగివేయుచుండగా, చేయి సరిగా జారలేదని పిల్లవానిని కోపగించుట ఎట్లు? మంద్రమనగా గుండెకు తగులు దెబ్బయేనని పన్నెండేండ్ల చెవికి అలవాటైన పిదప, తంబుర పంచమము దానికి వినబడుట కష్టము.

మాదాపురములోని శిల్పారామము కొత్తగూడకు దూరము కాదు. అచ్చట డప్పు వాయించు దినమున ఉపాధ్యాయులు విద్యార్థులను తీసికొనిపోయి, మొదట తోలుకు ఎదురుగా నిలుపవలెను. పిదప చట్రపు అంచుకు సూటిగా, ప్రక్కగా నడిపింపవలెను. అంచుకు వచ్చుసరికి మంద్రము సన్నగిల్లి, పుల్ల తాకిడి మిగులును. మరి రెండడుగులు వేసి వెనుకకు పోయినచో మరల నిండుగా వినబడును.