నా బుర్రలో మట్టి!

పక్కింటావిడ పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. 'ఒక్క క్షణం అటు తిరిగానంతే వదినగారూ, లీటరు పాలూ నేలపాలయ్యాయి' అని ఆవిడ వాపోతుంటే ఈ ఇల్లాలు ఏమంది? 'పోనిద్దురూ, పాలు పొంగితే శుభం. అన్ని పనులూ ఒక్క చేత్తో చేస్తారు, ఎన్నని చూసుకుంటారు!' అంది. కాఫీకని గిన్నెడు పాలు కూడా ఇచ్చి వచ్చింది.

మర్నాడు తన ఇంట్లోనే పాలు పొంగాయి. ఇప్పుడు శుభం లేదు, ఓదార్పూ లేదు. 'నా బుర్రలో మట్టి! ఒక్క పనీ సరిగ్గా చేసి చావను' అంటూ స్టవ్ తుడిచినంతసేపూ తనను తాను తిట్టుకుంటూనే ఉంది. అవే పాలు, అదే ఏమరపాటు. రాత్రికి రాత్రి మారిందల్లా ఇల్లే!

తెలుగిళ్లలో ఇది కొత్త కాదు. చీర బాగుందంటే 'నా మొహం' అంటారు. ఏదైనా మరిచిపోతే 'నా తలకాయ', కూర మాడితే 'నా ఖర్మ'. పైకి వినపడేవి ఇవి. లోపల అనుకునేవి ఇంకా ఘాటుగా ఉంటాయి. ఆ మాటలే స్నేహితురాలితో అంటే ఆ స్నేహం వారం నిలవదు.

మగవాళ్లేం తక్కువ తినలేదు. ప్రమోషన్ రాని తోటి ఉద్యోగిని టీకి తీసుకెళ్లి 'నీ తప్పేముంది గురూ' అని భుజం తట్టే మనిషే, తన వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాకా ఫ్యాను వైపు చూస్తూ 'నేనెందుకూ పనికిరాను' అనుకుంటాడు. పైకి చెప్పడు, అంతే తేడా.

ఈ తేడాను శ్రద్ధగా పరిశీలించిన వారిలో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్ ఒకరు. మనిషి తన మీద తాను ఎంత దయగా ఉంటాడో కొలవడానికి 2003లో ఆమె ఒక ప్రశ్నావళి తయారుచేశారు. తప్పు జరిగినప్పుడు తనతో తాను మెత్తగా మాట్లాడుకోవడం, అందరికీ ఇలా జరుగుతుందని గుర్తుంచుకోవడం, బాధను దాచకుండా, అలాగని అందులో మునిగిపోకుండా చూడగలగడం... ఆమె దృష్టిలో దయ అంటే ఈ మూడూ కలిస్తేనే. ఆమెకు ఈ ఆలోచన బౌద్ధ ధ్యానం నుంచి వచ్చింది. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన 'విసుద్ధిమగ్గ'లో మైత్రీభావన మొదలుపెట్టమన్నది ఎదుటివారితో కాదు, తనతోనే!

'తిట్టుకోకపోతే బద్ధకం పెరగదూ?' అంటారు పెద్దలు. న్యాయమైన సందేహమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ దీన్నే పరీక్షించి 2012లో ఫలితం ప్రకటించారు. విద్యార్థులకు చాలా కష్టమైన పదాల పరీక్ష ఒకటి పెట్టారు. ఆ తర్వాత కొందరితో 'ఇది చాలామందికి కష్టమే, మిమ్మల్ని మీరు నిందించుకోకండి' అన్నారు. కొందరి తెలివిని పొగిడారు. మిగతావారికి ఏమీ చెప్పలేదు. తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివింది మొదటి జట్టే. పొగడ్త చేయలేని పని ఓదార్పు చేసింది. అలాగని దయ అంటే తప్పును వెనకేసుకురావడం కాదు. మాడిన గిన్నె తోమాల్సిందే, తోముతూ తిట్లు తినక్కర్లేదు, అంతే.

తనను తాను తిట్టుకున్నా శరీరం దాన్ని దాడిగానే తీసుకుంటుందంటారు బ్రిటన్ మనస్తత్వవేత్త పాల్ గిల్బర్ట్. గుండె దడ, కండరాల బిగింపు, నిద్రలేమి... తిట్టేదీ తానే, పడేదీ తానే!

అయినా ఆ ఇల్లాలు మారింది పుస్తకాలు చదివి కాదు. మూడో తరగతి చదివే కూతురు తీసివేత లెక్క చేస్తూ, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం మరిచిపోయింది. జవాబు తప్పని తెలియగానే పెన్సిలు విసిరి, నుదురు కొట్టుకుని, 'నా బుర్రలో మట్టి' అంది.

వంటింట్లో గరిట ఆగిపోయింది.

'ఎవరు నేర్పారే ఆ మాట?'

'నువ్వేగా అమ్మా, రోజూ అంటావు!'

తల్లి పొయ్యి ఆపి వచ్చి పక్కన కూర్చుంది. 'ఈ లెక్క నాకూ తప్పేదే. ఏదీ, మళ్లీ చేద్దాం' అంది.

నాలుగు రోజుల తర్వాత పాలు మళ్లీ పొంగాయి. అలవాటుగా 'నా బు...' దాకా వచ్చి ఆగింది. గుమ్మంలో కూతురు చెవులు రిక్కించి నిలబడి ఉంది.

'పోనీలే. ఆ గుడ్డ ఇలా అందుకోవే' అంది తల్లి.