చెనిక్కాయ విత్తనం: మందు ఒక లెక్క, లోతు ఒక లెక్క కాదు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఎర్రనేలల్లో వర్షాధారంగా చెనిక్కాయ వేసే రైతుకు జూన్, జూలై నెలల్లో రెండు నిర్ణయాలు ఒకేసారి మీద పడతాయి. గింజకు ఏ మందు పట్టించాలి? ఎంత లోతున వెయ్యాలి? సలహాలిచ్చేవాళ్లు వీటిని విడివిడిగా చెబుతారు. నేలలో మాత్రం ఈ రెండూ కలిసే పనిచేస్తాయి.

సిఫార్సు చేసే లోతు 5 సెంటీమీటర్లు. వాన పడ్డాక నాలుగు రోజులు ఎండ కాస్తే పైపదును ఆరిపోతుంది. అప్పుడు తడి తగిలేదాకా గొర్రు దించుతారు, గింజ 8, 10 సెంటీమీటర్ల కిందికి పోతుంది. పప్పుబద్దలను అక్కడినుంచి పైకి మోసుకురావలసింది లేత కాడ. ఈలోపు ఓ వాన కొట్టి ఎర్రనేల పెచ్చు కట్టిందా, దాని పని మరీ కష్టం. అది మట్టిలో గడిపే రోజులు పెరిగేకొద్దీ మొదలుకుళ్ళుకు చిక్కే అవకాశమూ పెరుగుతుంది. ఆ తెగులు తెచ్చే ఆస్పర్‌జిల్లస్ నైజర్ గింజ మీదా ఉంటుంది, మట్టిలోనూ ఉంటుంది, వేడినేలలో రెచ్చిపోతుంది. అంటే లోతుగా వేసినవారికే విత్తనశుద్ధి మరీ అవసరం.

మరి ఏ మందు? కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్, లేదా 1 గ్రాము టెబ్యుకోనజోల్ 2 డీఎస్ పొడి అన్నది ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు. అందులోని ‘లేదా’ను ఏదైనా ఒకటే అని చదువుకుంటున్నాం. మాంకోజెబ్ గింజ పైపొర మీదే ఉండి శిలీంధ్రాన్ని అడ్డుకుంటుంది, ఎదుగుదల జోలికి పోదు. టెబ్యుకోనజోల్ ట్రైయజోల్ కుటుంబానిది. మామిడి తోటలున్నవారికి ఈ కుటుంబం కొత్త కాదు: కొమ్మ ఎదుగుదల ఆపి పూత తెప్పించడానికి పాదులో పోసే కల్టార్‌లోని పాక్లోబ్యుట్రజోల్ కూడా ట్రైయజోలే. కాడలు సాగడానికి కావలసిన జిబ్బరెల్లిన్ తయారీకి ఈ రసాయనాలు అడ్డుపడతాయి, కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా.

దీని దెబ్బ ముందుగా తెలిసింది గోధుమ రైతులకు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు మెట్టల్లో ఏడాదికి 300 మిల్లీమీటర్లు కూడా కురవని చోట్ల శీతాకాలపు గోధుమను 10 సెంటీమీటర్లకు పైగా లోతున విత్తుతారు. తొలి ఆకును కప్పుకొని మట్టిని చీల్చుకొచ్చే తొడుగు ఎంత పొడవుంటే అంత మేలు. పొట్టి రకాల్లో అది అసలే పొట్టి. దానికి ట్రైయజోల్ మందు తోడైతే తొడుగు మధ్యలోనే ఆగిపోయి, ఆకు మట్టిలోనే విచ్చుకుని ముడుచుకుపోతుంది. చెనిక్కాయకు తొడుగు లేదు, కాడ లావు. కాబట్టి గోధుమ కొలతలు ఇక్కడ అలాగే అతకవు, జాగ్రత్త మాత్రం అతుకుతుంది.

మోతాదు దగ్గర ప్రమాదం ఇంకా పెద్దది. 2 డీఎస్ అంటే నూటికి రెండు పాళ్లే మందు, గ్రాము పొడిలో 20 మిల్లీగ్రాములు. తిక్క ఆకుమచ్చకు పిచికారీ చేసే టెబ్యుకోనజోల్ ద్రావణం 25.9 శాతం, ఒక్క మిల్లీలీటరులో దాదాపు 250 మిల్లీగ్రాములు. రెండు డబ్బాల మీదా పేరు ఒకటే. నిరుడు మిగిలిన సీసా ఇంట్లో ఉంది కదా అని దాన్నే మిల్లీలీటరు లెక్కన గింజలకు పట్టిస్తే మోతాదు పదింతలు దాటుతుంది. ఎకరాకు 60 కిలోల గింజలైతే కావలసిన పొడి 60 గ్రాములే, దాన్నీ తూచి వెయ్యాలి. ఇక తడిమందు ఏదైనా గట్టిగా రుద్దితే పైపొర ఊడుతుంది, బద్దలు విడిపోతాయి.

పదును పైనే ఉండి 5 సెంటీమీటర్లకు వేసే రైతు ఏ మందు వాడినా నాకు అభ్యంతరం లేదు. తడి వెతుక్కుంటూ కిందికి పోవాల్సివస్తే మాంకోజెబ్‌నే ఎంచుకోవాలంటాను.

మొలకలు పలచబడితే నెపం విత్తనాల మీదికి పోతుంది. ధ్రువీకరించిన వేరుశనగకు కనీస మొలకశాతం 70. ఆ పరీక్ష ప్రయోగశాలలో, అనువైన తేమలో జరుగుతుంది. 10 సెంటీమీటర్ల ఎర్రమట్టి కింద ఏమవుతుందో అది చెప్పదు. రైతు సేవా కేంద్రం పక్కన ఆరు చిన్న మడులు చాలు: మందు లేనివి, మాంకోజెబ్‌వి, టెబ్యుకోనజోల్‌వి, ఒక్కొక్కటి 5, 10 సెంటీమీటర్ల లోతున, మడికి వంద గింజలు. సబ్సిడీ కాయలు రైతుల చేతికి అందకముందే, మే నెలలోనే ఈ లెక్క తేల్చి గోడమీద రాయవచ్చు.