కొలాబ్ అడుగున వేట వద్దు

సెలవులొస్తే విశాఖ, విజయనగరం కార్లు కోరాపుట్, రాయగడ ఘాట్లెక్కుతాయి. ఆ కార్లలో స్కూబా సిలిండర్లు పెట్టుకొచ్చేవారికి ముందే చెబుతున్నాం: మునిగిన పడవలో, మునిగిన ఊళ్ళో చూస్తామని కొలాబ్, జలాపుట్ జలాశయాల్లో దిగకండి. ఒడ్డు పక్కనే ఉందన్న ధైర్యం నీటి అడుగున అక్కరకు రాదు.

మొదటి ముప్పు ఎత్తు. ఎగువ కొలాబ్ పూర్తి నీటిమట్టం 858 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రతీరంలో కంటే పదో వంతు తక్కువ. సముద్రానికి వేసిన డైవింగ్ పట్టికలు అక్కడ చెల్లవు. 18 మీటర్ల లోతును 20గా లెక్కగట్టుకోవాలి. లెక్క తప్పితే ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకొచ్చేటప్పుడు బుడగలు కడుతుంది. కీళ్ళనొప్పితో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. పొద్దున విశాఖ రుషికొండ దగ్గర సముద్రంలో డైవ్ చేసి సాయంత్రానికి ఘాటెక్కినా ఇదే ప్రమాదం. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు ఆగాకే కొండెక్కాలి.

రెండోది నీళ్ళ తీరు. ఉప్పునీటికి సరిపోయిన బరువే కట్టుకుని మంచినీళ్ళలో దిగితే అనుకున్నదానికన్నా వేగంగా మునుగుతారు. అడుగున ఒండ్రు కదిలితే సొంత చెయ్యి కూడా కనిపించదు. మోళ్ళకు చిక్కిన పాత వలలు కాళ్ళకు చుట్టుకుంటాయి. 320 మెగావాట్ల కొలాబ్ విద్యుత్ కేంద్రానికి నీళ్ళు లాగే ద్వారం దగ్గర ఏ ఈతగాడూ ఎదురీదలేడు.

ఆరితేరినవాళ్ళకే నీటి అడుగున పని ఎంత కష్టమో మనం చూశాం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ట బోటు బయటికి రావడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. ఒకప్పటి ఉమ్మడి కోరాపుట్ జిల్లాలోని బలిమెల జలాశయంలో 2008 జూన్ 29న మావోయిస్టుల దాడిలో గ్రేహౌండ్స్ పోలీసుల బోటు మునిగి 38 మంది చనిపోయారు. మృతదేహాల కోసం నేవీ డైవర్లు దిగాల్సి వచ్చింది. అలాంటి చోట్లు వినోదానికి కావు.

కోరాపుట్, రాయగడ జిల్లాల అధికారులు జలాశయాల ఒడ్డున ఒడియా, తెలుగు భాషల్లో హెచ్చరిక బోర్డులు వెంటనే పెట్టాలి. రాతపూర్వక అనుమతి, ఎత్తుప్రాంత డైవింగ్ శిక్షణ, ఒడ్డున ఆక్సిజన్ లేనిదే ఎవరినీ దిగనివ్వకూడదు. పడవవాళ్ళు సిలిండర్లతో వచ్చినవారిని ఎక్కించుకోకూడదు.

ఎవరైనా దిగి వచ్చాక తిమ్మిరి, కీళ్ళనొప్పి, తలతిరుగుడు ఉందంటే పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టండి, 108కి ఫోన్ చేయండి, డైవ్ చేసిన సంగతి డాక్టరుకు చెప్పండి. తగ్గుతుందిలే అని తెల్లారేదాకా ఆగకండి.