ఉప్పునీటి కాపురము



మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెట్టిననాడు మనమందఱమును చూచెడి వింత యొకటి కలదు. మనము చుక్కనీరైనను పోయము. అయినను మూడవనాటికి జాడీలో ఊట నిండును, ముక్కలు ముడుచుకొనిపోవును. ఆ నీరెక్కడిది? ముక్కలలోనిదే. ఉప్పు తక్కువగా నున్నచోటినుండి ఎక్కువగా నున్నచోటికి నీరు పోవుట ప్రకృతిధర్మము. ఊరగాయ చెడకుండుటకును ఇదియే ముఖ్యకారణము. దానిలో చేరబోయిన సూక్ష్మజీవుల యొంటినీటిని ఉప్పు లాగివేయును.

అట్లయినచో, ఉప్పునీటిలోనే పుట్టి పెరుగు పురుగులు ఊరగాయముక్కలవలె ఏల ముడుచుకొనిపోవు? ఈ నెల ఆ సంగతి ముచ్చటించుకొందము.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల సోదరీమణులు ఉప్పుచెఱువును చూచియుండరు. అచ్చటి ఊరిచెఱువులును, మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరమును మంచినీటివే. అట్టి నీటిలో పెరుగు దోమపిల్లకు కష్టము వేఱు. నీరు ఒంటిలోనికి చొచ్చుకొనివచ్చును. ఒంటిలోని ఉప్పు బయటికి జాఱిపోవును. అందుచే అది నీటిని కొంచెముగానే త్రాగి, తోకకొననున్న మెత్తని రేకులతో నీటిలోని లవణమును గ్రహించి, పలుచని మూత్రమును విడుచును.

ఇక సూళ్లూరుపేట చెంతనున్న పులికాటు సరస్సును తలచుకొనుడు. వానకాలమున అందలి నీరు చప్పనగును. మండువేసవిని సముద్రమునే మించునంత ఉప్పగును. శ్రీకాకుళముజిల్లా నౌపాడ ఉప్పుమళ్లలో నీరింకినకొలది ఉప్పదనము మఱింత హెచ్చును. ఇట్టి నీటిలో కీటకమునకు కష్టము తలక్రిందగును: ఒంటినీరు బయటికి పోవును, ఉప్పు లోనికి వచ్చును.

దీనికి దోమజాతులు రెండుపాయములు నేర్చినవి. కొన్ని జాతుల పిల్లలు పోయిన నీటికి బదులుగా ఆ ఉప్పునీటినే విరివిగా త్రాగును. త్రాగిన ఉప్పును ప్రేగు తుదిభాగమున పోగుచేసి, చుట్టునున్న నీటికంటెను ఉప్పనైన మూత్రముగా వెడలగొట్టును. మఱికొన్ని జాతులు తమ రక్తములో ఒకవిధమగు చక్కెరను, మాంసకృత్తుల మూలద్రవ్యములను నింపుకొనును. బయటి ఉప్పు లాగినంత బలముగా లోపలి తీపియు నీటిని పట్టియుంచును గనుక ఒంటినీరు తఱగదు. ఒకటి ఇల్లు ఊడ్చుకొను పద్ధతి, రెండవది ఇల్లు నింపుకొను పద్ధతి!

వీనికంటెను వింతయైనది అమెరికాదేశమున కాలిఫోర్నియాలోని మోనో సరస్సునందలి ఈగ. ఆ నీరు సముద్రజలముకంటె రెండుమూడు రెట్లు ఉప్పన. పైపెచ్చు చాకలిసోడావలె క్షారము కలది. అందు చేపలు బ్రతుకజాలవు. చేపల బెడద లేనందున ఈగలు మాత్రము తీరమెల్ల నల్లగా క్రమ్మియుండును. ఈ యీగ నీటిలో మునిగి, నాచు తిని, గ్రుడ్లు పెట్టి, తడియకయే పైకి వచ్చును. దాని యొడలినిండ దట్టమైన నూగును, దానిపై మైనపుపూతయు నుండుటచే ఒక గాలిబుడగ దానిని చీరవలె చుట్టుకొనునని 2017లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. దాని పిల్లపురుగు నీటితో లోనికి చేరిన క్షారమును సున్నముగా మార్చి యొక తిత్తిలో దాచుకొనును. అచ్చటి మూలవాసులగు పాయూటు జనులు ఈ యీగల గూటిపురుగులను ఏఱి, ఎండబెట్టి, ఆహారముగా నిలువచేసికొనెడివారు.

అయినను ఓర్పునకు హద్దు కలదు. 1941 మొదలు ఆ సరస్సున పడు ఏళ్లనీటిని లాస్ ఏంజిల్సు నగరమునకు మరల్చుటచే నీరు తఱగి, ఉప్పదనము ఇంచుమించు రెట్టింపయ్యెను. ఉప్పును వెడలగొట్టుటకే శక్తి వ్యయమైనచో పిల్లపురుగు ఎదుగదు. ఈగ తఱిగిన దానిని తిను పక్షులకును కరవే. తుదకు 1994లో ఏటినీటిని సరస్సునకు కొంత విడువవలెనని ప్రభుత్వశాఖ ఉత్తరువు చేసెను.

దూరదేశపు ఈగ ముచ్చటతో మనకేమి పని యందురా? పని కలదు. నీళ్లతొట్టిలో పిడికెడు ఉప్పు వేసిన దోమలు పుట్టవని కొందఱందురు. డెంగీజ్వరమును తెచ్చు దోమ సాధారణముగా మంచినీటిలో పెరుగునది. అయినను సింహళమున యాళ్పాణము చెంత కొంచెము ఉప్పగిల్లిన నీటిలోను దాని పిల్లలు పెరుగుచున్నట్లు 2011లో వెల్లడియైనది. అండమాను నికోబారు దీవులలో మలేరియాను వ్యాపింపజేయు దోమయైతే ఉప్పు కలిసిన నీటిలోను పుట్టును. పిడికెడుప్పు వానికి లెక్కకాదు. వానిని చంపునంత ఉప్పు వేసినచో ఆ నీరు మనకే పనికిరాదు.

కావున ఉప్పును నమ్మి ఊరకుండరాదు. దోమ గ్రుడ్డు నీటబడి రెక్కలు తొడుగుటకు వారము పదిదినములు చాలును. వారమున కొకనాడు తొట్టిని, డ్రమ్మును, కూలరును వంపి, గోడలను గట్టిగా తోమి, ఆరబెట్టి, మరల నింపి మూతవేయుడు. గ్రుడ్లు గోడనంటి యుండును గనుక నీరు పాఱబోసినంత మాత్రమున చాలదు. వేసవిలో నీటియెద్దడిగల యూళ్లలో నిలువనీరే ఆధారము. అచ్చట ఈ జాగ్రత్త మఱింత యవసరము. ఉప్పు జాడీలో మన పని చేసిపెట్టును. తొట్టియొద్ద మాత్రము మన చేతులే పనిచేయవలెను.