మీ ఊరి నీటి లెక్క మీరే రాయండి

రాయలసీమ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

మీ నాన్న ఎన్ని బోర్లు వేయించాడో మీకు తెలుసు. ఏ బోరుకు ఏ నగ తాకట్టుకు పోయిందో అమ్మ చెప్పే ఉంటుంది. మరి నిరుడు మీ ఊళ్లో ఎన్ని మిల్లీమీటర్ల వాన కురిసింది? ఈ రోజు మీ బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయి? చెప్పలేకపోతే తప్పు మీది కాదు, ఆ లెక్క మీకెవరూ నేర్పలేదు. ఇకమీదట నేర్చుకోకపోతే మాత్రం తప్పు మీదే.

అనంతపురం సీమలో ఏటా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బును పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం ఇక్కడికి చేరేసరికి నీరసిస్తుంది. తక్కువ వానే. అయినా ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు పడితే 4,000 లీటర్లు. ఏడాదికి 22 లక్షల లీటర్లు! అందులో ఎంతో భాగం నాలుగైదు జడివానల్లో ఎర్రమట్టిని వెంటేసుకుని వంకల పాలవుతోంది. పోయిన నీళ్లు మరో ఏడు వస్తాయి. పోయిన మట్టి మీ మనవళ్ల కాలానికి కూడా రాదు.

మన నేల అడుగున ఉన్నది గట్టి రాయి. పైన మెత్తబడిన పొరలో, కింద పగుళ్లలో వాన ఇంకితేనే నీళ్లు. వెయ్యి అడుగులు దింపినా బండ నీళ్లను పుట్టించదు. పక్క చేలో పడిన కొత్త బోరు తోడేదీ చాలాసార్లు మీ పాత బోరు నీళ్లే.

మన పెద్దలు ఈ లెక్క ఎరుగుదురు. కడప సీమలోని పోరుమామిళ్లకు వెళ్లండి. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే లేచిన కట్ట అది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ ఆ రాతిమీద చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి: నీరు కొంచెం, తడపాల్సిన నేల విస్తారం. ఈ రోజు బోరు కింద వరి నాటిన ప్రతి మడిలో ఆ దోషమే ఉంది. వరికి 1,200 మిల్లీమీటర్ల దాకా నీరు కావాలి, కొర్రకు అందులో మూడో వంతు చాలు.

లెక్క రాయడం రైతుకు చేతకాని పనేమీ కాదు. ఈ శతాబ్దం తొలి దశాబ్దంలో ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరువు జిల్లాల్లో ఆడా మగా రైతులు తామే వాన కొలిచారు, బావుల్లో టేపు దించి మట్టం రాశారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి తగిన పైర్లు ఎంచుకున్నారు. ఏ అధికారీ ఆజ్ఞ ఇవ్వలేదు. అంకెలు కళ్లముందు ఉండటంతో ఏ పైరు వేయాలో దానంతటదే తేలింది.

వాళ్లకంటే మీరు ఎక్కువ చదివారు. ఒక వర్షమాపకం, ఒక టేపు, ఒక నోటుపుస్తకం చాలు. వాలుకు అడ్డంగా దున్నమని నాన్నను అడగండి, గట్టు మీద కానుగ నాటండి. చేను కింది మూలలో కుంట తవ్వండి, చెరువు పూడికను పొలాలకు తోలండి. కొత్త బోరు మాట వస్తే, ముందు ఊరి లెక్క చూద్దామని పట్టుబట్టండి. ఇంట్లో కోప్పడతారు. పడనివ్వండి, మీరు మాత్రం వెనక్కి తగ్గకండి.

మృగశిర కార్తెకు ముందే మొదలుపెట్టండి. మీ ఊరి బడి గోడమీద తొలకరి వాన అంకె ఈ ఏడు మీ చేతిరాతతో ఉండాలి.