విద్యారంభమునకు అధికారము: ఒక్క సంవత్సరపు విలంబము దోషమా?

జ్యేష్ఠమాసము సమీపించగానే హసన్‌పర్తి గృహములలో ఒక ప్రశ్న ఉదయించుచుండును. బిడ్డను ఈ ఏడే నర్సరీలో చేర్పించవలెనా, మరియొక సంవత్సరము ఆగవలెనా? పొరుగింటి బిడ్డ కంటె తన బిడ్డ వెనుకబడునేమోయని తల్లికి భయము. ఒడి విడువని పసికూనను తెల్లవారగనే బడి వ్యానులో ఎక్కించుటెట్లని నాయనమ్మకు వేదన. ఇద్దరిదీ వాత్సల్యమే. అయినను ఆ ఇంట శాంతి లేదు.

మొదట రెండు విషయములను వేరు చేసికొనవలెను. అక్షరాభ్యాసము సంస్కారము, పాఠశాలా ప్రవేశము లౌకిక వ్యవస్థ. సంప్రదాయమున ఐదవ ఏట విద్యారంభము ప్రసిద్ధము. రాజకుమారునికి చూడాకర్మానంతరము లిపిని, సంఖ్యను నేర్పవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పినది. గృహ్యసూత్రములు బ్రాహ్మణ వటువునకు గర్భాష్టమమున ఉపనయనమును విధించినవి. కనుక పెద్దలు విద్యను సోపానక్రమమున నిలిపినారే కాని, మూడవ ఏటనే సమస్తమును ఆరంభింపుమని శాసింపలేదు. బాసర సరస్వతీ సన్నిధిలో పలక పట్టించినంత మాత్రమున మరునాడే బడికి పంపవలెనను నియమము లేదు.

ఇక లెక్క చూడుడు. 2020 జాతీయ విద్యావిధానము ప్రకారము ఒకటవ తరగతికి వయస్సు ఆరేండ్లు. అక్టోబరులో జన్మించిన బిడ్డకు జూన్ నాటికి రెండేండ్ల ఎనిమిది నెలలు. ఇప్పుడే నర్సరీలో చేర్చినచో ఎల్‌కేజీ, యూకేజీ ముగించి ఐదేండ్ల ఎనిమిది నెలలకే ఒకటవ తరగతి ద్వారమున నిలుచును. ఒక ఏడు ఆగినచో ఆరేండ్ల ఎనిమిది నెలలకు చేరును. దీనిని వెనుకబాటు అనరాదు; యుక్తకాలమే అది.

వేదాంతమున ఏ శాస్త్రమునకైనను మొదటి ప్రశ్న, 'అధికారి ఎవడు?' అనునది. పసిబిడ్డ విషయమునను ఇదే న్యాయము వర్తించును. తన ఆకలిని, అవసరమును చెప్పగలుగుచున్నదా? తల్లి కనుమరుగైనను కొంతసేపటికి ఊరడిల్లుచున్నదా? చిన్న కథను కుదురుగా వినుచున్నదా? ఇవి కలిగినచో పంపవచ్చును, లేనిచో ఆగవచ్చును. తైత్తిరీయోపనిషత్తు అన్నమయ కోశముతో ఆరంభించి ప్రాణ, మనో, విజ్ఞానముల మీదుగా ఆనందమయమును చేరును. 2022లో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళికా చట్రము సైతము ఈ పంచకోశ దృష్టిని స్వీకరించినది. దేహము, ప్రాణము, మనస్సు కుదుటపడని పసివానిపై అక్షరభారము మోపుట క్రమభంగమే.

అయితే ఆగుట సోమరితనము కారాదు. ఆ సంవత్సరమును చరవాణి తెరకు అప్పగించు గృహము కంటె మంచి బడియే మేలు. సంధ్యాదీపము, తాతగారి కథ, మట్టిలో ఆట, పువ్వులు లెక్కించుట, చిన్న శ్లోకము: ఇవే ఆ ఏటి పాఠములు. తల్లిదండ్రులిరువురును పనికి పోవు ఇంట, చూచువారు లేనిచోట, అంగన్‌వాడీకి పంపుటలో దోషము లేదు. వారిని నిందించుట అధర్మము. మూడేండ్లు నిండినను మాటలు రానిచో 'మెల్లగా వచ్చునులే' అని కూర్చొనక, వెంటనే వైద్యుని చూపవలెను. అక్కడ విలంబమే దోషము.

కావున తల్లులారా, తండ్రులారా! పొరుగింటి బిడ్డను చూచి నిర్ణయింపకుడు. మీ బిడ్డను చూచి నిర్ణయింపుడు. ఐదవ ఏట వసంతపంచమి నాడు అక్షరాభ్యాసము శ్రద్ధగా జరిపింపుడు. బడికి ఒక ఏడు ఆలస్యమైనంత మాత్రమున సరస్వతీ కటాక్షము తరుగదు.