చిన్న గీతకు పెద్ద మూల్యం

“ఏటా వేలకు వేలు కడుతున్నాం, ఒక్కసారైనా క్లెయిమ్ చేయకపోతే కంపెనీకి ధారపోసినట్టే” అనే మాట కారున్న ఇళ్లలో తరచూ వినిపిస్తోంది. షెడ్డులోనూ అదే సలహా: “ఇన్సూరెన్స్ ఉంది కదా సార్, మీకేం పోదు.” పోతుంది. ఎంత పోతుందో ఎవరూ లెక్కేసి చెప్పరు.

ప్రీమియాన్ని చీటీ డబ్బులా, ఎప్పుడో ఒకప్పుడు పాడుకోవాల్సినదానిలా చూడటంతోనే తప్పు మొదలవుతోంది. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ రాయితీగా వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా. మళ్లీ 20, 25, 35, 45 దాటుకుంటూ 50కి చేరాలి. బోనస్ లేకుండా ఆ ప్రీమియం 10,000 రూపాయలు అనుకుందాం. కారు పాతబడేకొద్దీ అది కొంత తగ్గుతుంది కానీ, లెక్క కోసం మారదనుకుందాం. తొలి ఏడాది అదనంగా 5,000 కట్టాలి. ఆపైన 3,000, 2,500, 1,500, 500. మొత్తం 12,500, జీఎస్టీ కాకుండా!

ఇంతకీ చేతికొచ్చేదెంత? గీత పడ్డ బంపర్ మార్చాలనుకుందాం. 6,000 ఖరీదు చేసే ఆ బంపర్ ప్లాస్టిక్‌ది కాబట్టి తరుగు కింద సగం కోస్తారు. మిగిలిన 3,000లో, 1500 సీసీ లోపు కారైతే, కంపల్సరీ డిడక్టిబుల్ కింద వెయ్యి మనమే భరించాలి. వచ్చేది 2,000. తరుగు కోయని జీరో డెప్ యాడ్-ఆన్ తీసుకున్నా 5,000 దాటదు, పైగా దానికి వేరే ప్రీమియం. బోనస్‌ను కాపాడే యాడ్-ఆన్ కొన్నవాళ్ల సంగతి వేరు.

అలాగని అసలు క్లెయిమే వద్దనడం ఇంకా పెద్ద తప్పు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు బోనస్ గురించి ఆలోచించాల్సిన పనేముంది? అలాంటి నష్టం కోసమే ఇన్సూరెన్స్. మన కారు తగిలి మనిషి గాయపడితే, ప్రీమియం పెరుగుతుందని భయపడి విషయం దాచిపెట్టడం మరీ అన్యాయం. అలా గాయపడినవాళ్ల పరిహారం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియాన్ని ప్రభుత్వం ఖరారు చేస్తుంది. 2022లో 1000–1500 సీసీ కార్లకు 3,416 రూపాయలుగా నిర్ణయించింది. మన ఒక్కరి క్లెయిమ్‌తో అది మారదు.

వచ్చే సొమ్మెంతో, పోయే బోనస్ ఎంతో ఇన్సూరెన్స్ కంపెనీకి తెలుసు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించాకే క్లెయిమ్ ఫారం మీద సంతకం తీసుకోవాలి. చూపించకుండా తీసుకోవడం వినియోగదారుణ్ణి మోసగించడమే.